కుడివైపు పేజీ

ఇంకా పిలవలేదు. పదకొండింటికి రమ్మన్నారు, పదిన్నరకే వచ్చి కూర్చున్నాం, ఎక్కడికైనా అరగంట ముందు చేరడం మావయ్యకి అలవాటు, రైలుకైనా డాక్టరు దగ్గరికైనా, ఇప్పుడు దీనికీ అంతే. పొడుగాటి వసారా, గోడకి ఆనించిన చెక్కబల్ల, ఎదురుగా మూసిన తలుపు, తలుపు మీద అతికించిన కాగితం, కాగితంలో వరద మరణాల విచారణ అన్న మూడు ముక్కలు. మరణాల అన్న మాట కింద ఎవరో పెన్నుతో గీత గీశారు, ఏం తేల్చుకోవాలనో మరి. నేను పదహారేళ్ళుగా ఒక ఆఫీసులో స్టెనోగ్రాఫర్ని, ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయడం నా బతుకుతెరువు, అందుకని ఎక్కడ కాగితం కనిపించినా ముందు తప్పులు వెతుకుతాను, ఇవాళ వెతకబుద్ధి కావడం లేదు. ఆ తలుపు వెనక మా రేడియో లాగ్ బుక్కు ఉంది, వచ్చిన ప్రతి పిలుపూ రాసుకునే పుస్తకం, అందులో కుడివైపు పేజీలో నేను రాసిన ఒక్క వాక్యం ఉంది, దాని తప్పు నాకు తెలుసు, ఇంక వేరే తప్పులతో పనేముంది. "2.10 నుంచి 2.50 వరకు పిలుపులు లేవు." నా రాతే, నా సంతకమే, సిరాతో. ఆ నలభై నిమిషాల్లో పదకొండు పిలుపులు వచ్చాయని వీళ్ళు పంపిన నోటీసులో ఉంది, పదకొండూ మా రేడియో స్టేషన్నే పిలిచాయి. పిలిచింది నీళ్ళ మధ్య పంపుహౌసు కప్పు మీద నిలబడ్డ ఏడుగురు. మూడింటికల్లా ఆ కప్పు లేదు, వాళ్ళూ లేరు.

మావయ్య నా ఎడమ పక్కన కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళజోడు, మోకాళ్ళ మీద ఫిట్టరు చేతులు, గోళ్ళ సందుల్లో నలుపు రిటైరై ఎనిమిదేళ్ళయినా పోలేదు. ఆయనకి నేనెప్పుడూ కుడి పక్కనే, మా మేడ మీది హామ్ రేడియో గదిలో ఇరవై రెండేళ్ళుగా అంతే, లైసెన్సు తీసుకుని దూరపు ఊళ్ళవాళ్ళతో మాట్లాడే రేడియో అది, ఆయన మైకు ముందు, నేను పుస్తకం ముందు. అమ్మ పోయాక నన్ను తెచ్చి పెంచింది మావయ్యా అత్తయ్యా. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం పొద్దున, ఏమీ తోచక గోడకేసి చూస్తూ కూర్చున్న నన్ను మేడ మీది గదిలోకి పిలిచి, ఇలా రా, ఎవరో మాట్లాడుతున్నారు విను, అన్నాడు. అప్పుడు ఉన్నది ఒకటే హెడ్‌ఫోను. దాని ఒక చిప్పని బయటికి మెలితిప్పి నా చెవికి ఆనించాడు, రెండో చిప్ప తన చెవికి, తలా తలా తగిలేలా కూర్చున్నాం, నూనె వాసన, సన్నటి గరగర, గరగర వెనకాల ఎక్కడో సముద్రం అవతలి మనిషి ఒకడు తన ఊళ్ళో వాన పడుతోందని చెబుతున్నాడు. ఆయనెవరు మావయ్యా అంటే, తెలీదు, ఇప్పుడు తెలుస్తుంది, రాసుకో, అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు ఇంట్లో గుమాస్తా. గుమాస్తా గారు లేచారా, గుమాస్తా గారికి కాఫీ ఇచ్చారా.

నెల తిరక్కుండా బిస్కెట్ల డబ్బాతో ఆ పెట్టె చేశాడు. ఇద్దరికీ చెరో హెడ్‌ఫోను, ఒక్కొక్కరికి రెండేసి నాబ్‌లు, ఎడమ చెవికి ఒకటి కుడి చెవికి ఒకటి, ఎవరి చెవికి ఎంత కావాలో వాళ్ళే పెంచుకోవచ్చు, మధ్యలో ఒక స్విచ్చి. స్విచ్చి పైకి ఉంటే ఒక రేడియో ఎడమ చెవిలో, రెండోది కుడి చెవిలో, కిందకి నొక్కితే రెండూ కలిసి రెండు చెవుల్లోకీ. ఇద్దరు మనుషులు, నాలుగు చెవులు, రెండు రేడియోలు, బ్రహ్మ కూడా ఇంత ఆలోచించి చెవులు పెట్టలేదే, అని మురిసిపోయాడు. ప్రతి తీగకీ టంకం ఆయనే పెట్టేవాడు, నా అతుకు ఊడిందంటే నా చెయ్యి ఊడినట్టే అనేవాడు, నిజంగానే ఒక్కటీ ఊడలేదు. లాగ్ రాయడం కూడా ఆయనే నేర్పాడు. టైము, ఫ్రీక్వెన్సీ, పిలిచిన స్టేషను, ఎంత బాగా వినిపించింది, ఏమన్నాడు. విన్నది ముందు పెన్సిలుతో రాయాలి, ఆయన విన్నదీ నేను విన్నదీ ఒకటైతేనే పెన్సిలు మీద సిరా దిద్దాలి. ఒక్కడు వింటే అది అనుమానమే, ఇద్దరు వింటే లాగ్. విననిది రాయకూడదు, రాసింది చెరపకూడదు. మా ఆఫీసులో పెద్ద పెద్ద వాళ్ళు అన్నవి అనలేదనీ అననివి అన్నామనీ నా చేత దిద్దించినప్పుడల్లా, ఇంటికొచ్చి ఆ పుస్తకం తెరిస్తే ప్రాణం లేచొచ్చేది, లోకంలో ఈ ఒక్క పుస్తకంలోనైనా అబద్ధం లేదని.

మావయ్య నా వైపు వంగాడు. గొంతు తగ్గించాననుకుంటాడు గానీ తగ్గదు, పైఅంతస్తు దాకా వినిపిస్తుంది.

"గుమాస్తా, గుర్తుందిగా? తీగ అతుకు ఊడిందని నేను చెబుతా. నువ్వు ఊఁ అను చాలు."

"మావయ్యా, అది..."

"నువ్వేం మాట్లాడకు. రాత నీది. అతుకు ఊడితే వినపడదు, వినపడకపోతే లేదనే రాస్తారు ఎవరైనా. నీ ఉద్యోగానికి మాట రాకూడదు."

నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆయన దాన్ని ఊఁ కిందే జమకట్టి వెనక్కి వాలి ఎదురు తలుపుకేసి చూస్తున్నాడు. అతుకు ఊడలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకు వినపడలేదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియదు, అదొక్కటే తేడా, ఆ తేడాలోనే ఏడు ప్రాణాలు పోయాయి.

రేడియోవాళ్ళందరూ ఆయన్ని పాముచెవులాయన అంటారు. గరగరలో మునిగిపోయిన గొంతుని, నలుగురు ఒకేసారి అరుస్తుంటే అందులో నాలుగోవాణ్ణి, పట్టుకుని బయటికి లాగేవాడు. అప్పుడు మార్కుల దగ్గర మహా పిసినారి. బాగా వినిపించినవాడికి ఫైవ్ నైన్ ఇవ్వాలి, అదే అన్నిటికన్నా పెద్ద మార్కు, ఈయన ఫోర్ సెవెన్ దాటేవాడు కాదు, పక్క వీధివాడికి కూడా. తర్వాత ఎప్పుడో అందరికీ ఫైవ్ నైన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను రాస్తూ పోయాను, ఫైవ్ నైన్, ఫైవ్ నైన్, పేజీ పేజీ అంతా ఫైవ్ నైన్, వయసు మీద పడి మనసు మెత్తబడిందనుకున్నాను. తర్వాత గమనించాను, నేను పెన్సిలుతో రాసేదాకా ఆయన నోరు విప్పడం లేదు. నా కాగితం చూసి, చదివి, అప్పుడు మైకులో అదే అంటున్నాడు, అని నా వైపు తిరిగి, నువ్వూ అదే విన్నావా, అయితే సిరా దిద్దు, అంటున్నాడు. మా ఇద్దరి వినికిడీ ఒక్కటైపోయింది, అది నాదే. ఇంట్లో అత్తయ్య మాత్రం, మీ మావయ్యకి ఇష్టంలేని మాట వినపడదే, పెళ్ళినాటి నుంచీ అంతే, అని నవ్వేది, ఆయనా నవ్వేవాడు, ఆ నవ్వు చాటున ఎన్నాళ్ళు దాక్కున్నాడో. ముప్ఫై ఏళ్ళు కర్మాగారంలో గాలి కంప్రెషరు పక్కన నిలబడ్డాడు, కంప్రెషరు కుడివైపు ఉండేది. ఒకరోజు ఆయన కాఫీకని కిందికి వెళితే, నా హెడ్‌ఫోను తీగ చిక్కుపడి, ఆయనది తీసి పెట్టుకున్నాను. కుడి చెవిలో పిడుగు పడ్డట్టయింది. తీసి విసిరేసి చూస్తే ఎడమ నాబ్ సగంలో ఉంది, కుడి నాబ్ చివరికంటా తిరిగి ఉంది, ఇంక తిరగడానికి చోటు లేదు. అంత చప్పుడు చెవిలో పెట్టుకుని ఆ మనిషి ఏమీ విననట్టు కూర్చుంటున్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. హెడ్‌ఫోను ఎలా ఉందో అలా పెట్టేశాను. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అడగలేదు. అడిగితే ఆయనకి ఇంకేం మిగులుతుంది, మేడ మీది గది, పాముచెవులాయన అన్న పేరు, అంతేగా. ఆ రోజు నుంచి అక్షరాలు పెద్దవి చేశాను, పుస్తకం ఆయన వైపు జరిపాను, పెన్సిలు ములుకు ముద్దగా ఉంచాను నల్లగా పడాలని. ఇదంతా ప్రేమే అనుకున్నాను. ప్రేమే, కాదని ఎలా అనను. గుడ్డివాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, నువ్వు గుడ్డివాడివి కాదు సుమా అని నమ్మబలకడం లాంటి ప్రేమ.

బల్ల కదిలింది. ఒకావిడ వచ్చి నా కుడి పక్కన కూర్చుంది, యాభై ఏళ్ళుంటాయి, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో కాగితాలు, ఒక మగవాళ్ళ చేతి గడియారం. చాలాసేపు తలుపుకేసి చూసి, నన్ను అడిగింది.

"మీకూ ఎవరైనా పోయారామ్మా?"

తల ఎలా ఊపానో నాకే తెలియదు.

"మా ఆయన లెక్కల మాస్టారు. పంపుహౌసు మీద ఉన్నారు. రేడియో పట్టుకుని ఆయనంతట ఆయనే వెళ్ళారు, అక్కడివాళ్ళ కబురు బయటికి చెప్పడానికి ఎవరూ లేరని. వెళ్ళొద్దంటే వినలా. అవతల పాముచెవులాయన ఉన్నాడే, చీమ చిటుక్కుమన్నా వింటాడు, పక్కన ఆ అమ్మాయి రాసుకుంటుంది, నాకేం భయం, అన్నారు." చీర కొంగుతో గడియారం అద్దం తుడిచింది. "వాళ్ళకేమైందో పాపం. వాళ్ళూ మునిగారేమో, తెలీదు."

దగ్గు మాస్టారు. మాట్లాడబోయే ముందు మైకు నొక్కి ఒకసారి దగ్గేవాడు, అందుకని నేను పెట్టిన పేరు. పదేళ్ళుగా రోజూ సాయంత్రం ఆరింటికి ఆ దగ్గు వినేదాన్ని, మనిషిని చూడలేదు, ఈవిడ సంగతి తెలుసు, ఇంటావిడ కేకలేస్తోంది ఇంక ఉంటాను అనేవాడు. ఆ ఇంటావిడ ఈవిడ. మావయ్యకి ఇటు పక్క మాటలు వినపడలేదు, ఎదురు తలుపుకేసి చూస్తూనే ఉన్నాడు. మేమేనమ్మా అని ఎందుకు చెప్పలేదు. రెండు ముక్కలు. నేనే ఆ అమ్మాయిని, రాసుకున్నాను, ఏం రాసుకున్నానో తెలుసా.

వరద రోజు, ముందురోజు మధ్యాహ్నం నుంచి కుర్చీల్లోంచి లేవలేదు మేము. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది, బ్యాటరీల మీద రెండు రేడియోలు నడుపుతున్నాం, ఒకదాంట్లో కంట్రోల్ రూము, ఒకదాంట్లో వరదలో చిక్కుకున్న చోట్ల నుంచి పిలిచేవాళ్ళు. కంట్రోల్ రూము ఎడమకి పెడదాం, అన్నాడు మావయ్య, పైవాళ్ళు పిలిస్తే పలక్కపోతే బావుండదు. సరేనన్నాను. బాగున్న చెవికి పైవాళ్ళు, పోయిన చెవికి మునిగేవాళ్ళు, అప్పుడే తోచింది నాకు, తోచినా సరేలే, కుడి చెవికి నేనున్నానుగా, అనుకున్నాను. లాగ్ కూడా అలాగే విడదీశాను, ఎడమ పేజీ కంట్రోల్ రూముకి, కుడి పేజీ వరదకి. ఇరవై నాలుగు గంటలు బ్రహ్మాండంగా నడిచింది, కుడివైపు ఏదొచ్చినా నేను రాసేదాన్ని, ఆయన చదివి కంట్రోల్ రూముకి చెప్పేవాడు, పడవలు వెళ్ళేవి, మనుషులు ఒడ్డెక్కేవాళ్ళు. నూటపద్నాలుగు మంది. కుడి పేజీల్లో అందరూ ఉన్నారు, చంటిపిల్లలతో సహా. మర్నాడు మధ్యాహ్నం రెండు దాటాక నా కళ్ళ ముందు గీతలు అలుక్కుపోయాయి, ఒక మాట రెండుసార్లు రాశాను. మావయ్య చూశాడు. వెళ్ళి పది నిమిషాలు నడుం వాల్చు, నేను చూసుకుంటాగా, అన్నాడు. ఆ చూసుకుంటా అన్నప్పుడు ఆయన నా మొహంలోకి చూడలేదు. లేచి నిలబడ్డాను. పెట్టె నా చేతికి జానెడు దూరంలో ఉంది, స్విచ్చి పైకి ఉంది. కిందికి నొక్కితే చాలు, రెండు రేడియోలూ ఆయన ఎడమ చెవిలోకి వచ్చేస్తాయి, కలగాపులగంగానైనా వినిపిస్తాయి. బొటనవేలితో ఒక్క నొక్కు. నొక్కితే ఆయన తలెత్తి చూస్తాడు, ఎందుకు నొక్కావని అడగడు, అడగక్కర్లేదు, ఇద్దరికీ తెలిసిపోతుంది, నాలుగేళ్ళుగా నేను పెద్ద అక్షరాలు ఎందుకు రాస్తున్నానో తెలిసిపోతుంది. ఆయన మొహం చిన్నబోతుంది. ఆ చిన్నబోయే మొహం చూడలేక, స్విచ్చి వదిలేసి, పక్కగదిలో చాప మీద పడ్డాను. పది నిమిషాలేగా అనుకున్నాను. పది నిమిషాల్లో ఏమవుతుంది.

లేచేసరికి రెండూ యాభై. పరుగెత్తుకొచ్చాను. ఎడమ పేజీ నిండా మావయ్య గుండ్రటి అక్షరాలు, తొమ్మిది సందేశాలు. కుడి పేజీ తెల్లగా ఉంది.

"అటు ఏమన్నా వచ్చాయా?"

"ఏమీ లేదు. చల్లబడింది. లేవని రాసెయ్."

హెడ్‌ఫోను పెట్టుకుంటే కుడి చెవిలో బుస్సుమని ఖాళీ చప్పుడు. రాసేశాను. పెన్సిలు కూడా కాదు, చేతికి పెన్ను దొరికింది. ఇద్దరు వింటేనే లాగ్ అని నేర్చుకున్నదాన్ని, ఒక్కరూ విననిది రాశాను. రాస్తున్నప్పుడు నా లోపల ఏదో, వద్దు, అంది, దాన్ని కూడా వినలేదు.

పేర్లు పిలిచాడు బంట్రోతు. ఇద్దరూ కలిసే రండి అన్నాడు. లోపల కిటికీలు మూసి, లైట్లు వేసి, బల్ల అవతల విచారణాధికారి, అలసిపోయిన మనిషి, మర్యాదస్తుడు, కూర్చోండి అని రెండు కుర్చీలు చూపించాడు. కాళ్ళు వాటంతటవే మావయ్యకి కుడి పక్క కుర్చీకి వెళ్ళాయి. మూలన ఒక స్టెనో, నా మొదటి ఉద్యోగం నాటి నా వయసే ఉంటుంది, పెన్సిళ్ళు మూడు చెక్కి వరసగా పెట్టుకుంది. దూరపు ఊళ్ళో ఒక లెక్చరరు తన రేడియోకి రికార్డరు తగిలించి పనిమీద బయటికి వెళ్ళాడట, ఇంటికొచ్చాక విని తెచ్చిచ్చాడట, అది వినిపిస్తాను, విన్నాక మాట్లాడదాం, అన్నారు అధికారి. స్పీకరు పెద్దది, బల్ల మధ్యలో పెట్టారు. దగ్గు. ఒకసారి. తర్వాత మా స్టేషను పిలుపు, స్పష్టంగా, తరగతిలో ఎక్కం చెప్పినట్టు. పంపుహౌసు కప్పు మీద ఏడుగురం, నీళ్ళు మడమల దాకా, పడవ కావాలి. ఆగి, మళ్ళీ. నీళ్ళు మోకాళ్ళ దాకా. మళ్ళీ. పడవ ఎక్కడుందో అప్పుడు నాకు తెలుసు, నా కుడి పేజీలోనే ఉంది, 2.05కి ఖాళీ అయి మలుపు దగ్గర ఆగి ఉంది, పంపుహౌసుకి పావుగంట దారి. మావయ్య పెదవులు కదులుతున్నాయి, స్పీకరులోది ఆయనకి వినిపిస్తోంది, లెక్కపెడుతున్నాడు. ఆరు. ఏడు. తొమ్మిదోసారి స్టేషను పేరుతో కాకుండా, మావయ్యగారూ, వింటున్నారా, అన్నాడు మాస్టారు, నేను పిలిచే పిలుపు పదేళ్ళుగా విని విని ఆయనకీ అదే అలవాటయింది. పదోసారి వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. పదకొండోసారి పడవ అడగలేదు. దగ్గాడు. ఉంటాను మావయ్యగారూ, అన్నాడు, రోజూ ఆఖర్న అనే మాటే. తర్వాత గరగర. అధికారి చెయ్యి చాపి ఆపేశారు. మావయ్య చేతులు మోకాళ్ళని పట్టుకుని ఉన్నాయి.

లాగ్ బుక్కు నా ముందుకు జరిపారు. "ఈ రాత మీదేనా?"

"నాదేనండి."

"విని రాశారా?"

ఇంతసేపూ ఈ ప్రశ్న కోసం ఒక జవాబు కట్టుకుంటూ ఉన్నాను, తీగ, అతుకు, అలసట, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, అన్నీ కూలిపోయాయి. బయట బల్ల మీద ఆవిడ గడియారం తుడుచుకుంటోంది. "లేదండి," అన్నాను, నా గొంతు నాకే అందడం లేదు, అధికారి ముందుకి వంగారు. "ఆ టైములో నేను పక్కగదిలో నిద్రపోతున్నాను. మావయ్యకి కుడి చెవి వినపడదు. నాలుగేళ్ళ నుంచి నాకు తెలుసు. తెలిసే ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి వెళ్ళాను. వచ్చి, వినకుండానే రాశాను."

"మీకు తెలుసన్న సంగతి ఆయనకి తెలుసా?" అన్నారు, నా అంత మెల్లగానే.

"తెలియదండి."

స్టెనో పెన్సిలు ఒక్క క్షణం ఆగి, కదిలింది. అధికారి మావయ్య వైపు చూశారు. నేనూ తిరిగి చూశాను. మావయ్య తలుపుకేసి చూసినట్టే అధికారికేసి చూస్తున్నాడు, ప్రశాంతంగా, ఓపికగా. ఆయన కుడి పక్కన కూర్చుని గొణిగినట్టు చెప్పాను నేను, ఒక్క ముక్క వినలేదు ఆయన. నా వంతు అయిపోయిందని అధికారి చూపుని బట్టి గ్రహించి, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, పిల్ల తప్పేం లేదు. కుడి చెవి తీగ అతుకు ఊడింది. దానికి వినపడలేదు, అందుకే లేవని రాసింది. ఆ అతుకు వేసింది నేను. సరిగ్గా వెయ్యలేదు. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. తప్పు నాది. అది రాసుకోండి."

ఇద్దరం ఒకే గదిలో, పక్కపక్కనే, వేరువేరు ఫ్రీక్వెన్సీల మీద మాట్లాడాం. స్టెనో తలెత్తి అధికారి వైపు చూసింది. రాయండి, అన్నారాయన మెల్లగా. ఇంకేమీ అడగలేదు. టైపు చేయిస్తారు, ఇద్దరూ చదువుకుని సంతకాలు పెట్టి వెళ్ళండి, అన్నారు.

మళ్ళీ బల్ల. ఆవిడ ఆ చివరికి జరిగి కూర్చుంది. మావయ్య ఉస్సురని కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అయిపోయిందే గుమాస్తా, నీ మీదికి రాలేదు, ఆ పెద్దమనిషి మంచివాడు, ఎదురు ప్రశ్న వెయ్యలేదు చూశావా, అన్నాడు. కాసేపాగి, పదకొండుసార్లు, అన్నాడు. మళ్ళీ కాసేపాగి, పదకొండుసార్లు పిలిచాడే. నేను లేచి ఆయన ఎడమ పక్కకి వెళ్ళి కూర్చుంటే సరిపోయేది, చెప్పేస్తే సరిపోయేది, మావయ్యా అక్కడ నేను నిజం చెప్పాను, ఇప్పుడు కాగితంలో వస్తుంది, అని. ఇరవై నిమిషాలు ఉన్నాయి నా చేతిలో. ఆవిడ ఉన్న వైపు చూడలేక, ఆయన ఉన్న వైపు చూడలేక, ఎదురు కాగితంలో మరణాల కింద గీతనే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు స్విచ్చి దగ్గర నిలబడ్డట్టే, ఇప్పుడూ. మనిషి ఒక తప్పుని ఇన్నిసార్లు ఇంత శ్రద్ధగా చెయ్యగలడా.

బంట్రోతు కాగితాలు తెచ్చాడు. కలిపి విచారించారు కాబట్టి ఇద్దరివీ ఒక దాంట్లోనే ఉన్నాయి. నేను చదవకుండా సంతకం పెట్టి ఇచ్చాను, జీవితంలో మొదటిసారి. మావయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలు ఆనించి వరస వెంట వరస చదువుతాడు ఆయన, పెదవులు కదుపుతూ. మొదటి పేజీ మధ్యలో వేలు ఆగింది. మళ్ళీ ఆ వరస మొదటికి వెళ్ళింది. మళ్ళీ ఆగింది. వసారా చివర ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను లేచి ఆయన ఎడమవైపుకి వచ్చి నిలబడ్డాను.

"నాలుగేళ్ళా?" అన్నాడు.

"ఊఁ."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బావుండేది. మొహం చిన్నబోతుందని ఏడుగురిని బలిపెట్టి కాపాడిన ఆ మొహం, చిన్నబోలేదు కూడా. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు నన్ను.

"తెలిసి, ఎందుకెళ్ళావే మరి?"

నువ్వు నొచ్చుకుంటావని, అన్న మాట గొంతు దాకా వచ్చింది. అది నిజం. అది అంటే ఆ ఏడుగురూ ఆయన నెత్తి మీద పడతారు.

"నిద్రొచ్చింది మావయ్యా."

తలాడించాడు. నా సంతకం కింద తన సంతకం పెట్టాడు, చెయ్యి ఏమాత్రం వణకలేదు. బంట్రోతు కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళబోతూ, పంపుహౌసు మాస్టారి తాలూకు ఎవరమ్మా, తర్వాత మీరే, అన్నాడు, బల్ల చివరున్న ఆవిడకేసి. మాస్టారన్న మాటకి మావయ్య తలెత్తాడు, ఈసారి వినిపించింది. ఆవిడని చూశాడు, ఆవిడ చేతిలో గడియారాన్ని చూశాడు. లేచి, నన్ను దాటుకుని వెళ్ళి, ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పాముచెవులాయన అంటారే, అది నేనే. మాస్టారు పదకొండుసార్లు పిలిచారు. నాకు వినపడలేదు. ఈ చెవి చెవుడు. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు."

చెప్పి, మంచి చెవి ఆవిడ వైపు తిప్పి, కొద్దిగా వంగి నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని చూసింది, వెనకాల నన్ను చూసింది. ఆ పక్కన రాసుకునే అమ్మాయిని నేనేనని ఆవిడకి అప్పుడు అర్థమైంది, ఇందాక ఏమీ చెప్పకుండా పక్కనే కూర్చున్నది కూడా నేనేనని. ప్లాస్టిక్ సంచి గట్టిగా పట్టుకుంది. పెదవులు కదిలాయో లేదో, అంతే. మావయ్య తల తిప్పకుండానే నన్ను అడిగాడు.

"ఏమంది?"

"ఏమీ అనలేదు మావయ్యా."

నా మాట నమ్మలేదు. ఆ చెవి అలాగే వంచి, ఆవిడ ముందు నిలబడే ఉన్నాడు.